నాట్యవేదము – గురుశిష్య సంధి

తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లి విద్యాస్వరూపమును వ్యాకరణమునుండి గ్రహించిన ఒక చక్కని పోలికతో నిరూపించినది. రెండు వర్ణములు కలిసినపుడు సంధి యేర్పడును. అందు మొదటి వర్ణము పూర్వరూపము, రెండవది ఉత్తరరూపము. ఆచార్యుడు పూర్వరూపమనియు, అంతేవాసి ఉత్తరరూపమనియు, విద్య వారి సంధియనియు, ప్రవచనము వారిని కూర్చు సంధానమనియు శ్రుతితాత్పర్యము. ఇందలి భావము మిక్కిలి లోతైనది. విద్య ఆచార్యునియందు మాత్రమే లేదు, శిష్యునియందు మాత్రమే లేదు, తాళపత్రములందు అంతకంటెను లేదు. వారిరువురును ఎదురెదురుగా కూర్చుండి, ఒకరు చెప్పగా మరియొకరు వినిన ఆ కలయికయందే విద్య యున్నది. పూర్వవర్ణము చెరిగిపోయిన పిమ్మట ఉత్తరవర్ణము ఎంతకాలము వేచియున్నను సంధి కలుగదు.

వేదాధ్యయనమునకు చెప్పబడిన ఈ నియమము నాట్యమునకును వర్తించును. భరతముని నాట్యమును పంచమవేదమనెను. చతుర్ముఖుడు ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామవేదమునుండి గీతమును, యజుర్వేదమునుండి అభినయమును, అథర్వవేదమునుండి రసమును గ్రహించి ఈ వేదమును సృజించెనని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. సృజించిన పిమ్మట చేసిన పని యేమి? దానిని భరతునికి ఉపదేశించెను. భరతుడు తన నూర్గురు పుత్రులకు నేర్పెను. అనగా ఈ వేదము మొదటినుండియు మనుష్యునినుండి మనుష్యునికి, శరీరమునుండి శరీరమునకు సంక్రమించిన వేదము. శాస్త్రగ్రంథము దానికి రక్షకవచమే కాని ప్రాణము కాదు.

అభినయము నాలుగు విధములు. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము. ఈ నాలుగింటిలో ఏది దేనియందు నిలుచునో విచారించిన యెడల నేటి కర్తవ్యము స్పష్టమగును. ఆంగికమును శిల్పి రాతిలో నిలుపగలడు. వాచికమును లేఖకుడు పత్రముపై నిలుపగలడు. ఆహార్యమును, అనగా కిరీటమును, భుజకీర్తులను, జడను, పెట్టెలో పెట్టి భద్రపరుపవచ్చును. సాత్త్విక మొక్కటి మాత్రము దేనియందును నిలువదు. కంట నీరు ఏ క్షణమున నిండవలెను, నిండినది ఏ క్షణము వరకు రాలకుండ నిలువవలెను, కోపములోపల దాగిన ప్రేమ కనుకొలకులలో ఎంతమాత్రము తొణకవలెను అను రహస్యము వృద్ధుడైన గురువు ముఖముననే యున్నది. ఆయనతో నది నశించును. లేదా ఆయన జీవించియుండగనే శిష్యుని ముఖమునకు చేరును. మూడవ మార్గము లేదు.

సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమర్రి గ్రామమున ఎరకేశ్వర, నామేశ్వర ఆలయములు కలవు. కాకతీయులకు సామంతులైన రేచెర్ల వంశీయులు 12, 13 శతాబ్దముల కాలమున వీనిని కట్టించిరి. శివసన్నిధిని నృత్యము నిత్యార్చనలో అంగమై యుండిన కాలమది. నల్లరాతి స్తంభముల చెంత నిలిచి చూచువానికి కాకతీయశిల్పమందలి నర్తకి ఎంత సజీవముగా నుండునో తెలియును. నడుము వంపు కలదు, చేతి ముద్ర కలదు, కాలి యెత్తు కలదు. కాని ఆ భంగిమకు ముందు ఏమి చేసినది, తరువాత ఏమి చేసినది, ఏ జతికి ఆ పాదము లేచినది అని అడిగిన రాయి బదులు చెప్పదు. శిల్పము ఒక్క క్షణమును పట్టి యుంచినది. నాట్యమో, క్షణమునకు క్షణమునకు నడుమ నున్నది.

అదే రేచెర్ల వంశమునకు చెందిన రుద్ర సేనాని 1213వ సంవత్సరమున పాలంపేటలో రామప్ప దేవాలయమును కట్టించెను. 2021లో అది ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తింపబడినది. గణపతిదేవ చక్రవర్తి గజసైన్యాధిపతియైన జాయప సేనాని 1253–54 ప్రాంతమున నృత్తరత్నావళి యను గ్రంథమును సంస్కృతమున రచించెను. ఎనిమిది అధ్యాయముల ఆ గ్రంథమున మొదటి నాలుగు మార్గనృత్తమును, చివరి నాలుగు దేశినృత్తమును వివరించుచున్నవి. పేరణి యను ఉద్ధత నృత్తము అందు లక్షణసహితముగా చెప్పబడినది. రాతిపై రూపము, గ్రంథమున లక్షణము రెండును ఉన్నవి. ఐనను 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ఆ పరంపర తెగిపోయినది. నటరాజ రామకృష్ణగారు (1923–2011) నృత్తరత్నావళిని చదివి, రామప్ప శిల్పములను పరిశీలించి, ఏండ్లతరబడి తపస్సు చేసి పేరిణి శివతాండవమును మరల రంగమునకు తెచ్చిరి. తెలుగువారు ఆ మహనీయునకు ఎంతయు ఋణపడియున్నారు. ఐనను ఒక్క విషయము మరువరాదు. పునర్నిర్మాణము వేరు, పరంపర వేరు. ఎండిన చెరువును మరల నింపుట గొప్ప కార్యమే. నీరున్నపుడే గట్టు తెగకుండ కాచుట దానికంటె సులభము, శ్రేయస్కరము. ఒక్క వృద్ధ గురువు ఆనాడు మిగిలి యుండిన యెడల అన్ని యేండ్ల శ్రమ అక్కరలేకపోయెడిది.

ఈ భేదమును తెలుపు దృష్టాంతము మిర్యాలగూడ ప్రాంతముననే యున్నది. కృష్ణా మూసీ నదులు సంగమించు వాడపల్లి క్షేత్రమున లక్ష్మీనరసింహస్వామి ఆలయము కలదు. గర్భాలయమున రెండు దీపములు వెలుగుచుండును. స్వామి పాదములచెంతనున్న దీపము నిశ్చలముగా నుండుననియు, ముఖమునకు సమానమైన ఎత్తుననున్న దీపము మాత్రము ఎల్లపుడు చలించుచుండుననియు, అది స్వామివారి ఉచ్ఛ్వాసనిశ్వాసములచేతనే యనియు భక్తులు చెప్పుకొందురు. శాస్త్రము నిశ్చలదీపము వంటిది. అది వెలుగునిచ్చును, కదలదు. గురుముఖమున వెలుగు విద్య చలించు దీపము. దానికి ఊపిరి తగులుచున్నది. రెండు దీపములును కావలసినవే. కాని లోపల ప్రాణమున్నదని చెప్పునది రెండవ దీపము.

ప్రాణము నిలిచిన పరంపర ఒకటి ఈ ప్రాంతమునకు దూరమున లేదు. హైదరాబాదునుండి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగు రహదారి విజయవాడను దాటి మచిలీపట్టణమునకు చేరును. ఆ దారిలో పామర్రు వచ్చును. అచటికి సమీపముననే కూచిపూడి. వాడపల్లి, మట్టపల్లి నృసింహక్షేత్రముల పాదములు కడిగిన కృష్ణవేణియే క్రిందికి సాగి ఆ సీమను పండించుచున్నది. జాయప సేనాని వంశీయులు ఏలిన దివిసీమయు ఆ చేరువనే కలదు. ఇట్లు కాకతీయభూమికిని కూచిపూడికిని గల సంబంధము నేటిది కాదు.

సిద్ధేంద్రయోగి కథ తెలుగువారందరు ఎరిగినదే. కృష్ణను దాటుచు ప్రవాహమధ్యమున ప్రాణాపాయము కలుగగా ఆయన ఆపత్సన్న్యాసము స్వీకరించెననియు, పిమ్మట శ్రీకృష్ణపరముగా భామాకలాపమును రచించి కూచిపూడి బ్రాహ్మణ బాలురకు నేర్పెననియు పెద్దలు చెప్పుదురు. ప్రతి బాలుడును జన్మమున ఒక్కమారైన సత్యభామ వేషము కట్టవలెనని ఆయన ప్రమాణము చేయించెనట. ఈ ప్రమాణమందలి దూరదృష్టి గమనింపదగినది. యోగి గ్రంథమును మాత్రమే ఇచ్చి ఊరకుండలేదు. ప్రతి తరమునందును గురువుండునట్లు, ప్రతి గురువునకు శిష్యుడుండునట్లు నియమము చేసెను. ఇంటింటను సంధి కుదిర్చెను. 1672 మొదలు 1687 వరకు గోలకొండను ఏలిన అబుల్ హసన్ తానీషా వారి ప్రదర్శనమును చూచి మెచ్చి ఆ గ్రామమును అగ్రహారముగా ఇచ్చెనని ప్రతీతి. వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి మున్నగు ఇండ్లవారు ఆ విద్యను తండ్రినుండి కుమారునకు అందించుచు వచ్చిరి.

భామాకలాపమున కేవల శృంగారమును చూచువారు పైపూతను మాత్రమే చూచుచున్నారు. సత్యభామ జీవుడు. తెరపైనుండి ఆమె విసరు జడ అహంకారమునకు చిహ్నము. నా అందమునకు సాటి లేదని పలుకు ఆ జీవుడే పరమాత్మ వియోగమున కుమిలి, లేఖ వ్రాయబూని, వ్రాయలేక, తుదకు శరణాగతుడగును. రాత్రి తొలిజామున జడను విసరిన చేయి తెల్లవారుజామున అంజలి ఘటించును. ఈ మార్పు ఒక్క పాటలో వచ్చునది కాదు. అందులకే ప్రదర్శనము రాత్రియంతయు సాగుచుండెడిది. మాధవి పాత్రను ధరించిన సూత్రధారుడు నడుమ నిలిచి జీవుని హాస్యముతో, ప్రశ్నతో, ఊరడింపుతో దారికి తెచ్చును. ఆతడు చేయు పని గురువు చేయు పనియే.

ఇరువదవ శతాబ్దమున ఈ పరంపరకు గట్టి పరీక్ష వచ్చినది. సినిమాలు వచ్చినవి, జమీందారుల ఆదరణ తగ్గినది. చింతా వెంకటరామయ్యగారు (1860–1949) మేళమును కట్టుదిట్టముగా నడిపి యక్షగానములను నిలిపిరి. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు అగ్రహారపు గడపను దాటి స్త్రీలకును విద్య నేర్పిరి. 1958లో ఢిల్లీలో కేంద్ర సంగీత నాటక అకాడమి నృత్యసదస్సు జరిగినది. కూచిపూడికి శాస్త్రీయత కలదా యని ఆ రోజులలో సంశయము పుట్టగా, 1959లో హైదరాబాదున జరిగిన సదస్సులో తెలుగు విద్వాంసులు సమాధానము చెప్పిరి. న్యాయవాదియైన బందా కనకలింగేశ్వరరావుగారు ఈ కళకొరకు తమ కాలమును, శక్తిని ధారపోసిరి. ఆనాడు పండితులు ప్రమాణములు చూపగలిగిరన్న కారణమేమి? చూపుటకు వృద్ధ గురువులు సజీవులై యుండిరి. శ్లోకము చదివినంతనే దానికి తగిన అభినయమును చేసి చూపు శరీరము ఎదుట నిలిచియున్నది. లక్షణమునకు లక్ష్యము దొరికినది.

నేడు కూచిపూడికి లోటేమున్నదని కొందరు అడుగవచ్చును. 2010 డిసెంబరులో హైదరాబాదున 2,800 మందికి పైగా నర్తకులు ఒక్కమారుగా నృత్యము చేసిరి. విదేశములందును పిల్లలు గజ్జె కట్టుచున్నారు. ఇది సంతోషింపదగినదే. కాని వ్యాపించినది ప్రధానముగా ఏకపాత్ర నృత్యము. నృత్యము కాండము; నాట్యము వృక్షము. రాత్రియంతయు సాగు కలాపము, పలుపాత్రల యక్షగానము, పాత్రధారి తానే పాడుచు పలుకుచు ఆడు వాచికాభినయము, పురుషుడు స్త్రీవేషము ధరించి స్త్రీహృదయమును చూపు సాధన, ఇవి సన్నగిల్లుచున్నవి. 2012వ సంవత్సరమును తలచిన చాలును. నృత్యనాటకములచే కూచిపూడిని ప్రపంచమునకు చూపిన వెంపటి చినసత్యంగారు ఆ జూలైలో పరమపదించిరి. సత్యభామ వేషమునకు పర్యాయపదమై, 1970లో పద్మశ్రీ నందుకొనిన వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ నవంబరులో కన్నుమూసిరి. నాలుగు మాసముల వ్యవధిలో రెండు పూర్వరూపములు తొలగిపోయినవి. వారి శిష్యులు కలరు, అది అదృష్టము. ఐనను ఆ శిష్యులును నేడు వృద్ధులగుచున్నారు.

ఒక్క శరీరముననే మిగిలిన విద్యను సకాలమున అందుకొనిన ఉదాహరణమును చూడుడు. పిఠాపురమున కుంతీమాధవస్వామి ఆలయమున నవజనార్దన పారిజాతమను నాట్యప్రబంధము తొమ్మిది రాత్రులు ప్రదర్శింపబడుచుండెడిది. దేవదాసీ ఆచారమును మద్రాసు ప్రభుత్వము 1947లో చట్టముచే నిషేధించినది. స్త్రీల గౌరవము కొరకు ఆ నిషేధము న్యాయమైనదే. కాని దురాచారమును త్రోసిపుచ్చుటలో లోకము దానితోడ కళను కూడ త్రోసిపుచ్చినది. ఆ విద్యనెరిగిన స్త్రీలు నిందకు వెరచి మౌనము వహించిరి. నటరాజ రామకృష్ణగారు ఊరూర తిరిగి అట్టి వృద్ధ కళావతులను వెదకి, వారి ఇంటి అరుగులపై కూర్చుండి నేర్చుకొనిరి. నవజనార్దనము పెండేల సత్యభామ గారియందు మిగిలి యుండెను. ఆమెనుండి గ్రహించిన ఆ విద్య రామకృష్ణగారి ద్వారా కళాకృష్ణగారికి సంక్రమించినది. 1970లో హైదరాబాదు రవీంద్రభారతిలో జరిపిన సదస్సున అట్టి వృద్ధ కళావతులు మరల అభినయించి చూపిరి. గుడిలో పుట్టిన విద్య ఎన్నడో మూసిన నోరు తెరచిన సమయమది. ఆయన పది యేండ్లు ఆలస్యము చేసిన యెడల వెదకుటకు ఇండ్లుండెడివి, గురువులుండెడివారు కారు.

తెలంగాణపు సొంత నాట్యపరంపరను కూడ ఇచట స్మరింపవలెను. చిందు భాగవతులు తరతరములుగా గ్రామగ్రామమునకు పోయి యక్షగానములాడి రామాయణ భారత భాగవత కథలను అక్షరజ్ఞానము లేనివారి హృదయములకు చేర్చిరి. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మగారు పురుషపాత్రలను సైతము ధరించి ఖ్యాతి గడించి 2005లో స్వర్గస్థులైరి. జనగామ ప్రాంతమునకు చెందిన గడ్డం సమ్మయ్యగారిని 2024లో పద్మశ్రీ వరించినది. వీరి విద్యను తక్కువ చూపు చూచుట శాస్త్రసమ్మతము కాదు. ఛాందోగ్యమున సత్యకామ జాబాలి వృషభమునుండి, అగ్నినుండి, హంసనుండి, నీటికాకినుండి బ్రహ్మవిద్యను గ్రహించెను. శుభవిద్యను ఎవరియొద్దనైనను శ్రద్ధతో గ్రహింపవలెనని ధర్మశాస్త్రములును ఒప్పుకొన్నవి. ప్రహ్లాదుని భక్తిని ఆడి చూపువాడు ఏ వాడకు చెందినవాడైనను వందనీయుడే.

యంత్రములున్నవి కదా, వృద్ధుల అభినయమును చిత్రీకరించి పెట్టిన చాలదా యని ఆధునికుల ప్రశ్న. చిత్రీకరింపవలసినదే, ఆలస్యము చేయకుండ చేయవలసినదే. కాని యంత్రము చూపును, చూడదు. గురువు చూపును, చూచును, దిద్దును. త్వష్ట ప్రజాపతి ఇంద్రుని చంపు కుమారుని కోరి హోమము చేయుచు ఒక్క పదమున స్వరము తప్పి పలికెను. పదము మారలేదు, అక్షరము మారలేదు. స్వరము మారినంతనే అర్థము తలక్రిందులై, ఇంద్రునిచేతనే కుమారుడు హతుడయ్యెను. వేదపాఠశాలలో గురువు కన్నులు మూసికొని వినుచు తప్పు స్వరము రాగానే చేయెత్తి ఆపునది ఇందుకొరకే. అభినయమునందును అంతియే. అలిగిన సత్యభామ కనుబొమ గోరంత హెచ్చు లేచిన గర్వము క్రౌర్యమగును, గోరంత తగ్గిన నిర్జీవమగును. ఇది తప్పని చెప్పు నోరు చిత్రమునకు లేదు. చిత్రము అచ్చువేసిన గ్రంథము వంటిది, సంధానము కాజాలదు.

మరి భక్తజనులు చేయదగినదేమి? జ్ఞానమును పొందుటకు భగవంతుడు గీతలో మూడు ఉపాయములు చెప్పెను. ప్రణిపాతము, పరిప్రశ్నము, సేవ. వృద్ధ కళాకారులను రక్షించుటకును ఈ మూడే చాలును.

ప్రణిపాతమనగా శాలువ కప్పుట మాత్రము కాదు. ఏటికొకమారు వేదికపై నిలిపి, శాలువ, జ్ఞాపిక ఇచ్చి పంపిన గురువునకు ఇంట పెట్టెనిండ శాలువలుండును, ఎదుట ఒక్క శిష్యుడుండడు. నిజమైన నమస్కారము ఒక బాలుని ఆయన ముందు కూర్చుండబెట్టుట. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములందలి ఒక్కొక్క దేవస్థానము ఇరువురు బాలబాలికలను ఎన్నుకొని ఒక వృద్ధ గురువు చెంతకు పంపిన చాలును. ఆ చదువు జరిగినన్నాళ్ళు గురువునకు నెలనెల భృతిని, శిష్యునకు అన్నమును ఆలయము చూచుకొనవలెను. పూర్వము దేవాలయములు మాన్యములిచ్చి చేసినది ఇదియే.

పరిప్రశ్నమనగా అడుగుట. వృద్ధులు అడుగనిదే చెప్పరు. అడుగువారు లేనందున మరచుచున్నారు కూడ. ఏ దరువును ఏ రాగమున పాడిరి, ఏ వేషమునకు ఏ రంగు పూసిరి, తమ గురువు ఏ తప్పునకు ఎట్లు దిద్దిరి అని ఓర్పుతో అడిగి వ్రాసికొనువాడు ఋషిఋణమును తీర్చుకొనువాడే.

సేవ యనగా అవకాశము కల్పించుట. నాట్యము చాక్షుషయజ్ఞమని కాళిదాసు భావించెను. యజ్ఞమునకు వేదిక కావలెను. పిల్లలమర్రిలోను, కోదాడ సమీపమందలి మేళ్లచెర్వు శంభులింగేశ్వర సన్నిధిలోను శివరాత్రికి జాగరణము చేయు భక్తులు వేలకొలది కలరు. మట్టపల్లిలో, వాడపల్లిలో నృసింహజయంతి జరుగును. జాగరణమునకు రాత్రియంతయు కావలెను. కలాపమునకును రాత్రియంతయు కావలెను. ఈ రెండింటిని పెద్దలు ఊరకనే ముడివేయలేదు. శివరాత్రి నాడు చిందు యక్షగానము, నృసింహజయంతి నాడు ప్రహ్లాదచరిత్రము, ఏటికొక్క రాత్రి, కోతలేకుండ, తొలిదరువునుండి మంగళము వరకు ఆడించిన యెడల ఆ కళ బ్రతుకును. చూచువారు తొలుత కొందరే యుండవచ్చును. గర్భాలయమున దీపము వెలిగించునపుడు అర్చకుడు భక్తులను లెక్కింపడు.

ధనము పోయిన మరల వచ్చును. శిథిలమైన గోపురమును మరల కట్టవచ్చును. పరంపర ఒక్కటి మాత్రము, తెగిన చోట ముడివేయుటకు రెండు కొనలును చేతికి దొరకవలెను. నేడు ఆ రెండు కొనలును కలవు. వృద్ధులైన ఆచార్యులు కొందరు ఇంకను అరుగులపై కూర్చుండి యున్నారు. పిల్లలు వీథులలో ఆడుచున్నారు. నడుమ నున్నది పది అడుగుల దూరమే. ఆ దూరమును దాటించు పుణ్యము ఈ తరమువారికి దక్కవలెను.

డమరుకనాదమున సర్వవిద్యలను వెలువరించిన నటేశ్వరుడును, కాళింగుని పడగలపై తాండవమాడిన గోపాలుడును గురువులకు ఆయురారోగ్యములను, శిష్యులకు శ్రద్ధను, ఇరువురిని కూర్చు భక్తులకు సద్బుద్ధిని ప్రసాదింతురు గాక!